పులి వేషం, పద్దెనిమిది పోగులు

బరంపురంలో ఠాకురాణి
రెండేళ్ళకోసారి పుట్టింటికొస్తుంది.
ఆమె ఉన్నన్నాళ్ళూ దేశిబెహరా వీధిలో
ఎవరి మొహం వాళ్ళకుండదు.
పాలవాడు నారదుడు,
కరెంటాఫీసు గుమాస్తా ఎలుగుబంటి,
మా దండాసి మావ పులి.

మొక్కు. ముప్ఫై ఏళ్ళుగా అదే పులి.
ఈసారి మాత్రం గుండెలో స్టెంటున్న పులి.
పరిగెత్తొద్దు, గెంతొద్దు అని
డాక్టరు రాసిచ్చిన చీటీ
తోక మొదట్లో దోపుకున్న పులి.

రంగు ఆరేదాకా అరుగు మీద కూర్చుని
"కుంతలా, నీ లేబొరేటరీలో ఏటి సేస్తావే?"
అని అడిగాడు.

వేషం కడతాను మావా.

నవ్వితే రంగు పగులుతుందని
కళ్ళతోనే నవ్వాడు.

అబద్ధమేం కాదు.
మంచి కొవ్వుని మోసే ప్రొటీను ఒకటుంది,
రెండు వందల నలభై మూడు పూసల దండ.
నాళం గోడల మీద తుప్పెక్కిన కొవ్వుని
ఎత్తుకుపోయి కాలేయం గుమ్మంలో పడేస్తుంది.
అంత దండ గుచ్చడం మా తాహతుకి మించిన పని.
పద్దెనిమిది పూసలు తీసుకుని
దాని మెలిక ఒక్కటే గుచ్చుతాం.
ఒక పక్క నీళ్ళవైపు తిరుగుతుంది,
ఇంకో పక్క నూనెవైపు.
పూసల వరసలో ఎక్కడా అసలుదాని పోలిక లేదు.
మెలికే పోలిక.

మావ మగ్గం మనిషి. ఒప్పుకోలేదు.
"పద్దెనిమిది పోగుల్తో కుంభం అంచు పడతాదేటి?"

పడదు. మాకు చీర అక్కర్లేదు మావా,
అంచు తిరిగే చోటు చాలు.

"మరి అసల్దేటయ్యింది? సచ్చిపోయిందా?"

మా గైడు కూడా ఇంత సూటిగా అడగలేదు.
చావలేదు.
నాళాల్లో మంట ఏళ్ళ తరబడి రగిలితే
మంచిదే ఒక్కోసారి పుల్లలందిస్తుంది.
రిపోర్టులో అంకె మాత్రం బాగానే ఉంటుంది.
నీ రిపోర్టులోనూ బాగానే ఉండేది కదా.

బడా బజారు వైపు డప్పులు మొదలయ్యాయి.
మావ అద్దం తీసి మీసం సరిచూసుకున్నాడు.

"అసలు పులొస్తే ఈధి కాళీ అయిపోద్ది.
ఏసం పులొస్తే పిల్లల్ని తెచ్చి
నా ఒళ్ళో కూకోబెడతారు, బయ్యం పోద్దని.
అసల్దాని సేత అవుద్దేటి ఆ పని?"

నోట్‌బుక్ తెచ్చుకోనందుకు బాధపడ్డాను.

"అయితే నాకెప్పుడిస్తావు?"

ఇక్కడ నా గొంతు తగ్గింది.
ఎలుకల్లో మంట ఆరింది.
మనుషుల్లో కొన్నిచోట్ల వేసి చూశారు.
ఒకచోట రక్తం ఔనన్నట్టే ఉంది,
ఇంకోచోట ఏమీ అనలేదు.
మింగితే కడుపు తుంచేస్తుందని
అద్దంలో బొమ్మలా కుడిఎడమలు మార్చి కట్టారు.
అయినా మందుల షాపుకి రాలేదు.
నువ్వు ఆ తెల్ల మాత్ర మానకు మావా.

"అంటే పులి
ఎలకల ఎనకాల లైన్లో నిలబడాలన్నమాట!"

ఈసారి నవ్వేశాడు. ఎడమ చెంప మీద రంగు
నిజంగానే పగిలింది.

రాత్రి గెంతకుండా, నడిచే తిరిగొచ్చాడు.
దారిలో ఎవరో "పులికి జొరం" అన్నారట.
నుయ్యి దగ్గర నీళ్ళు కొట్టుకుంటే రంగు కదల్లేదు.
కొబ్బరి నూనె రాశాం, కరిగింది గానీ వదల్లేదు.
సబ్బు తగిలాక
చారలు ఒక్కొక్కటీ జారి కాలవలో పడ్డాయి.
నురగ చేతిలోకి తీసుకుని చూశాడు.
"ఇదేనేటే, నీ పద్దెనిమిది?"

దగ్గర దగ్గరగా, అన్నాను.

సగం పులి, సగం మనిషి. మణికట్టు పట్టుకున్నాను.
తొంభై రెండు. కాసేపు పట్టుకునే ఉన్నాను.
ఎనభై నాలుగు.

మర్నాడు ల్యాబులో గ్లవ్స్ తొడుక్కుంటుంటే
గోటి కింద ఇంకా పసుపు.